పొద్దుగూకినాక పోయి చూడండి

మతిమరుపు జబ్బు వచ్చిన మా పెద్దమ్మ కోసం హైదరాబాద్ చుట్టుపక్కల ముసలివాళ్లను ఉంచుకుని చూసుకునే హోములు మూడు చూశాం. ఒకదాంట్లో పదకొండు రోజులు ఉంచి, భయపడి ఇంటికి తెచ్చుకుని, మళ్లీ వెతికి ఇంకోదాంట్లో చేర్పించాం. ఎక్కడ మమ్మల్ని మాయ చేశారో, ఎక్కడ మాకే తెలివి చాల్లేదో రాసి పెడదామని చాలా రోజుల నుంచి అనుకుంటున్నా. మా స్కూల్లోనే ఇద్దరు టీచర్లు ఇదే బాధలో ఉన్నారు, ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక కూడా రాస్తున్నా అనుకోండి.

పెద్దమ్మ అంటే మా అమ్మకు సొంత అక్క. మునుగోడు దిక్కు ఊరు. పెద్దనాయన పోయి పన్నెండేళ్లు. ఒక్కడే కొడుకు, మా అన్న, అమెరికాలో ఉంటాడు. నాలుగు బర్రెలు, రెండెకరాల చెలక, పొద్దున్నే పాలకేంద్రం, అదే ఆమె లోకం. చదువు రాదు గానీ గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుని నెలంతా పాల లెక్క ఒక్క పైసా తేడా రాకుండా చెప్పేది. ముందు ఆ లెక్కే తప్పింది. తర్వాత కూరలో రెండుసార్లు ఉప్పు, పొయ్యి మీద మాడిన గిన్నెలు. వయసు కదా అనుకున్నాం అందరం. నల్లగొండకు మా ఇంటికి తెచ్చుకున్నాక ఒకరోజు సాయంత్రం కనపడకుండా పోయింది. క్లాక్ టవర్ దగ్గర, బస్టాండులో, ప్రకాశం బజార్‌లో తిరిగి తిరిగి చివరికి రాత్రి తొమ్మిదింటికి పానగల్ దారిలో దొరికింది, కాళ్లకు చెప్పుల్లేవు. "యాడికి వోతున్నవ్ పెద్దమ్మా" అంటే, "పొద్దుగూకింది బిడ్డా, బర్రెలింకా రాలే" అన్నది.

ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

డాక్టర్ వెంటనే ఏమీ తేల్చలేదు. థైరాయిడ్, బీ12, సోడియం చూశారు, మెదడుకు స్కాన్ తీయించారు. వీటిలో తేడా ఉన్నా మనిషి ఇలాగే అయోమయంగా ఉంటారట, వాటికైతే మందుంది. బీ12 తక్కువుంటే ఇంజెక్షన్లు ఇచ్చారు, అది సరయింది గానీ పెద్దమ్మ మామూలు కాలేదు. అల్జీమర్స్ అన్నారు, అంటే మతి మెల్లమెల్లగా పోయే జబ్బు. ముప్పై మార్కులకు ఒక పరీక్ష పెడతారు, అందులో మనది ఏ జిల్లా అనే ప్రశ్న కూడా ఉంటుంది. పెద్దమ్మ నల్లగొండ అన్నది, మార్కు పడింది. 2016లో మా జిల్లాను మూడు ముక్కలు చేశాక సూర్యాపేట, భువనగిరి వైపు ముసలోళ్లు దీనికేం చెప్తున్నారో అని నాకు నవ్వొచ్చింది, నవ్వాల్సిన చోటు కాదు. నూరులోంచి ఏడు తీసెయ్, మళ్లీ ఏడు తీసెయ్ అంటే మాత్రం పెద్దమ్మ డాక్టర్‌నే అడిగింది, "ఎవలికిచ్చినవ్ ఏడు?" అని.

దేశంలో అరవై దాటిన వాళ్లలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియా, అంటే ఇలా మతి పోయే జబ్బుల్లో ఏదో ఒకటి ఉందని 2023లో ఒక పెద్ద సర్వే వచ్చింది. అంటే ప్రతి ఊళ్లో ఉన్నారు. ఊళ్లో మాత్రం దీనికి "సోయి లేదు", "పిచ్చి లేసింది" తప్ప ఇంకో మాట లేదు.

పది నెలలు ఇంట్లోనే చూసుకున్నాం. మనిషిని పెట్టుకున్నాం, నలుగురు మారారు. నేను స్కూలుకు పోవాలి, అమ్మకు మోకాళ్లు పట్టేస్తాయి, రాత్రి రెండింటికి పెద్దమ్మ లేచి పెండ తీయాలె అని చీపురు వెతుకుతుంది. హోము మాట ఎత్తగానే ఊళ్లో ఏమన్నారో నేను చెప్పక్కర్లేదు, "ముసల్దాన్ని ఆశ్రమంల ఏసి భూమి రాపిచ్చుకుంటుండ్రు". అందుకే అన్నతో మొదట్లోనే అన్నాను, ఆ రెండెకరాలు ఎవరి పేరు మీదికీ మారొద్దు అని. అన్న జీపీఏ, అంటే ఆమె తరఫున సంతకాలు పెట్టే అధికార పత్రం, రాయించుకుందామన్నాడు. లాయర్ కాదన్నాడు. తనేం రాసిస్తున్నదో తెలియని స్థితిలో వేలిముద్ర వేస్తే అది చెల్లదు, ముందే రాసింది ఉన్నా మతి పోయాక నిలబడదు అని చెప్పాడు. తెలివిగా ఉన్నప్పుడే కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతులు ఇవి. మేం మాట్లాడుకోలేదు.

నల్లగొండలో వృద్ధాశ్రమాలు అడిగాం. "లేచి తన పని తాను చేసుకుంటదా?" అన్నదే మొదటి ప్రశ్న. చేసుకోదంటే తీసుకోం. అందుకని హైదరాబాద్.

మొదటి హోముకు పోయింది ఒక ఆదివారం పొద్దున. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి, పంతంగి టోల్ కట్టి, చౌటుప్పల్‌లో టీ తాగి, పదకొండింటికి చేరాం. రిసెప్షన్‌లో చేపల తొట్టి. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పిల్లాడు ఒకతను టాబ్ పట్టుకుని అన్నీ తిప్పి చూపించాడు. హాల్లో పదిహేను మంది ముసలివాళ్లు స్నానాలు చేసి, తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని కూర్చున్నారు, టీవీలో భజన వస్తోంది. గోడ మీద వారం రోజుల కార్యక్రమాల పట్టిక. సోమవారం రంగులు వేయడం, మంగళవారం బంతి ఆట, ఇలా. ఫినాయిల్ వాసన తప్ప ఇంకో వాసన లేదు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, ఇంత శుభ్రంగా మేం ఇంట్లో ఉంచలేకపోయామే అని. అన్న వీడియో కాల్‌లో చూసి, "బాగుంది చెల్లె, కట్టేద్దాం" అన్నాడు. నెలకు నలభై ఐదు వేలు, రెండు నెలల డిపాజిట్. వాళ్లు అడిగినవి కూడా చెప్తా. షుగర్ ఉందా, బీపీ ఉందా, వెజ్జా నాన్‌వెజ్జా, డబ్బులు ఎవరు కడతారు. ఇంతే.

ఆమె పొద్దున ఎన్నింటికి లేస్తుంది, ఏం పని చేసేది, దేనికి భయపడుతుంది, ఎవరి పేరు తలుస్తుంది, ఎట్లా మాట్లాడుతుంది, ఒక్కటి కూడా అడగలేదు. మాకూ అది లోటుగా అనిపించలేదు.

పది రోజుల దాకా రోజూ ఫోన్ చేస్తే "అమ్మ బాగున్నారు మేడం" అని ఒకటే మాట. పదకొండో రోజు శనివారం స్కూలు తొందరగా అయిపోతే చెప్పకుండా పోయాను. చేరేసరికి ఆరు దాటింది. పొద్దున చూసిన హాలు ఇదేనా అనిపించింది. డ్యూటీలు మారే టైమట, హాలంతటికీ ఒక్క అమ్మాయి. ఒక పెద్దాయన తలుపు కొడుతూ ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నాడు, మిగతా వాళ్లు కుర్చీల్లోనే నిద్ర. మా పెద్దమ్మ కూడా. కుర్చీకి ముందు అడ్డంగా బల్ల లాంటిది బిగించి ఉంది, లేవడానికి లేకుండా. నోరు తెరుచుకుని, చీర తడిసిపోయి ఉంది. ఎంత లేపినా కళ్లు తెరవలేదు.

గొడవ చేశాను. రిజిస్టర్ చూపించారు. అందులో రోజుకు ఐదారుసార్లు ఒకటే రాసి ఉంది, బయటికి పోతానని గొడవ చేస్తోంది, తలుపు దగ్గరికి పోతోంది, కూర్చోబెట్టాం. నేను ఆ అమ్మాయిని అడిగాను, పెద్దమ్మ సరిగ్గా ఏమన్నది అని. ఆ పిల్లది ఒడిశా, పాపం మూడు నెలల తెలుగు. "బైటికి పోవాలె, బైటికి పోవాలె అంటది మేడం" అన్నది.

మా దిక్కు ముసలోళ్లకు బయటికి పోవడం అంటే ఏందో మీకు తెలుసు. ఇంట్లో మరుగుదొడ్డి లేని రోజుల్లో పెరిగిన మనిషి, అరవై ఏళ్లు చేను గట్టుకే పోయిన మనిషి, ఇంకెట్లా అడుగుతుంది? ఆమె బాత్రూం అడిగింది. వాళ్లు పారిపోతోందని కుర్చీలో బిగించారు. పదకొండు రోజులు. ఇంకోటి కూడా తెలిసింది. "పానం మంచిగలేదు" అన్నప్పుడల్లా ఆ అమ్మాయి నీళ్లు తెచ్చి ఇచ్చేదట, పానీ అనుకుని. వాళ్ల మీద కోపం తెచ్చుకుందామంటే కూడా ఇక్కడ చేతకాలేదు నాకు.

మందు సంగతిలో మాత్రం కోపం వచ్చింది. సాయంత్రం గొడవ చేస్తున్నారని క్వెటియాపిన్ అని మానసిక జబ్బులకిచ్చే గోళీ మొదలుపెట్టారు, మాతో ఒక్క మాట అనకుండా. ఇలాంటి మందులు డిమెన్షియా ఉన్న ముసలివాళ్లకు ఇస్తే ప్రాణాపాయం పెరుగుతుందని అమెరికాలో మందులను చూసే ఎఫ్‌డీఏ 2005లోనే పెద్ద హెచ్చరిక పెట్టించింది. అసలే ఇవ్వకూడదని కాదు, మనిషి తనకో పక్కవాళ్లకో దెబ్బ తగిలించుకునేలా ఉంటే కొద్ది డోసు, కొద్ది రోజులు ఇస్తామని మా డాక్టరే చెప్పారు. కానీ బాత్రూంకు పోతానన్నందుకు ఇవ్వరు కదా. ఇంకో సంగతి ఆయన చెప్పాకే తెలిసింది. ఉన్నట్టుండి గొడవ ఎక్కువైందంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో మొదట చూడాలి, ముసలివాళ్లలో అది జ్వరం లేకుండా కూడా ఇలా బయటపడుతుంది. చూశాం. ఉంది.

రాత్రికి రాత్రే ఇంటికి తెచ్చుకున్నాం. డిపాజిట్ సగం తిరిగొచ్చింది, అది ఇంకో కథ.

అప్పటి నుంచి నేనొక లెక్క పెట్టుకున్నా. ఏ హోమైనా సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర మధ్యే చూడాలి, ముందు ఫోన్ చేసి పోవద్దు. ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి పొద్దుగూకే వేళకు అలజడి పెరుగుతుంది, డాక్టర్లు దీనికి సన్‌డౌనింగ్ అని పేరు కూడా పెట్టారు. మా పెద్దమ్మ విషయంలో నాకైతే ఇది వింతగా అనిపించదు. అరవై ఏళ్లు అదే టైముకు బర్రెలు ఇంటికొచ్చేవి, కుడితి పెట్టాలి, పాలు పిండాలి, దీపం పెట్టాలి, పొయ్యి ముట్టించాలి. ఆ టైముకు చేతులూరుకుంటాయా? మరి అదే టైముకు హోములో డ్యూటీలు మారతాయి. అంటే వీళ్లకు మనిషి తోడు ఎక్కువ కావాల్సిన వేళకే అక్కడ మనుషులు తక్కువ. పదకొండు గంటలకు చూస్తే ఇది మీకు ఏ జన్మకూ కనపడదు. సాయంత్రం ఆ వేళకు హాల్లో ఎంతమంది నిద్రపోతున్నారో లెక్కపెట్టండి, చాలు.

రెండో హోము గురించి ఎక్కువ రాయను. భార్యాభర్తలు నడుపుతున్నారు, మంచివాళ్లు, సొంత ఇల్లే. కానీ ఖాళీ ఉన్న గది మేడ మీద, రాత్రిపూట పదహారు మందికి ఇద్దరే. నేను అడిగితే దాచకుండా చెప్పారు. దండం పెట్టి వచ్చేశా.

మూడోది సాగర్ రోడ్డు మీద, ఇబ్రహీంపట్నం దగ్గర. పెద్దమ్మ ఊరి నుంచైతే మర్రిగూడ, మాల్ మీదుగా నేరుగా పోవచ్చు. ఆరింటికి గేటు దగ్గర నిలబడితే వాచ్‌మన్ లోపలికి అడిగి రానిచ్చాడు, అది కూడా నచ్చింది, ఎవరు పడితే వాళ్లను రానివ్వకూడదు కదా. లోపల అంత శుభ్రంగా ఏం లేదు. వంటింటి నుంచి తాలింపు వాసన వస్తోంది. వరండాలో నలుగురు ఆడవాళ్లు చేటల్లో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నారు, నేను దగ్గరికి పోయి చూస్తే అందులో రాళ్లేం లేవు. "రోజూ అవే బియ్యం మేడం" అని ఆయమ్మ మెల్లగా చెప్పింది. ఒక ముసలామె గేటు దగ్గరికి పోతోంది, వేరే ఆయమ్మ ఆపలేదు, చెయ్యి పట్టుకుని తనూ నడిచింది, గేటు దాకా పోయి, అక్కడ చెట్టు చుట్టూ తిరిగి, మాట్లాడుకుంటూ వెనక్కి వచ్చారు. తర్వాత పది నిమిషాలకు మళ్లీ అదే. నేనున్న గంటన్నరలో ఐదుసార్లు తిరిగారు. ఇది ఏ పట్టికలోనూ రాసి లేదు.

రెండోసారి పెద్దమ్మను తీసుకుపోయాం. అక్కడి సిస్టర్ ఆమె పళ్లు చూసింది, కూర్చునేటప్పుడు నడుము చూసింది, "మీది మర్రిగూడ దిక్కా అమ్మా?" అని అడిగింది. ఆ సిస్టర్‌ది దేవరకొండ. మా ప్రాంతం బోరునీళ్లలో ఫ్లోరైడ్ సంగతి ఆమెకు చెప్పక్కర్లేదు. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితేనే కీడు అంటారు, మా పెద్దమ్మ తరం అంతకు ఎన్నో రెట్లు ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగింది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో కనిపెట్టిన పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని మా జిల్లా పేరే పెట్టారు, ఇది గొప్పో సిగ్గో ఇప్పటికీ నాకు తేలదు. చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ చూసినప్పుడల్లా నల్లా నీళ్లు ఒక నలభై ఏళ్లు ముందొస్తే ఈమె నడుము ఇట్లా బిగుసుకుపోయేది కాదేమో అనుకుంటా. సరే, సంగతేంటంటే, ఫ్లోరోసిస్‌తో, అంటే ఆ ఫ్లోరైడ్ నీళ్ల జబ్బుతో, వెన్నెముక, మోకాళ్లు బిగుసుకుపోయిన మనిషిని చంకల కింద చేతులేసి లేపకూడదు, కింద కూర్చోబెట్టకూడదు, కమోడ్ ఎత్తుగా ఉండాలి, పట్టుకోవడానికి రెండు పక్కలా కడ్డీలు కావాలి. మొదటి హోములో పదకొండు రోజుల్లో ఎవరూ నడుము ఎందుకు వంగదని అడగలేదు. ఇక్కడ సిస్టర్ అడగకుండానే ఆయమ్మలిద్దరినీ పిలిచి ఎట్లా లేపాలో నాతో చేయించి చూపించింది.

కాగితాల దగ్గర మాత్రం ఇక్కడ కూడా కళ్లు తెరుచుకుని చదవాల్సి వచ్చింది. ఒప్పందంలో ఒక లైను ఉంది, ప్రవర్తన అదుపు తప్పితే నలభై ఎనిమిది గంటల్లో తీసుకుపోవాలి అని. మతిమరుపు వాళ్లను చూస్తామని బోర్డు పెట్టి, మతిమరుపు ముదిరితే పొమ్మంటే ఎట్లా? అడిగితే మార్చారు, ముందు డాక్టర్‌కు చూపించి, మాతో మాట్లాడి, పదిహేను రోజుల గడువు ఇస్తామని రాసిచ్చారు. కొత్త మందు ఏదైనా మొదలుపెట్టే ముందు నాకు ఫోన్ చేయాలని ఇంకో లైను రాయించా. నెలకు ఎంత అని అడగొద్దు, పోయిన నెల ఎవరిదైనా బిల్లు పేరు మూసి చూపించమనండి. మాకు చెప్పింది ముప్పై ఎనిమిది వేలు, బిల్లులో డైపర్లు, ఫిజియోథెరపీ, ఆసుపత్రికి పోయిన కారు కలిపి యాభై రెండు. ఆయుష్మాన్ కార్డు డెబ్బై దాటిన వాళ్లందరికీ ఇస్తున్నారు కదా అని అన్న అడిగాడు, అది ఆసుపత్రిలో చేరితేనే, హోము ఖర్చుకు రాదు. ఎక్కడైనా ముసలివాళ్లను కొడుతున్నట్టో కట్టేస్తున్నట్టో కనబడితే 14567కు ఫోన్ చేయొచ్చు, అది వృద్ధుల హెల్ప్‌లైన్. నేను ఆ రోజు చేయలేదు. ఆ నంబర్ ఉందని అప్పుడు నాకు తెలియదు, ఆ హాల్లో మిగిలిన వాళ్లంతా ఇప్పటికీ గుర్తొస్తారు.

చేర్పించే రోజు నేనొక కాగితం రాసి పెద్దమ్మ అల్మారా మీద అతికించా. బయటికి పోవాలె అంటే బాత్రూం. పానం మంచిగలేదు అంటే ఒంట్లో బాగోలేదు, ఎక్కడ నొస్తుందో చూడండి. సల్ల అంటే మజ్జిగ, అన్నంలో చివర అది లేకపోతే తిన్నట్టు కాదు. మిమ్మల్ని చూసి చెల్లె అంటే మా అమ్మ అనుకుంటోంది, అవుననండి. రాములు ఏడి అంటే పెద్దనాయన, చేనుకు పోయిండు అని చెప్పండి, చచ్చిపోయిండని చెప్పొద్దు, చెప్పిన ప్రతిసారీ కొత్తగా ఏడుస్తుంది. ఈ చివరిది రాయడానికి నాకు చాలాసేపు పట్టింది, ఇన్నేళ్లుగా పిల్లలకు అబద్ధం చెప్పొద్దని పాఠం చెప్పే దాన్ని.

బతుకమ్మకు ఇంటికి తెచ్చుకున్నాం. నా పేరు చెప్పలేకపోయింది గానీ గునుగు, తంగేడు ముందు పెట్టగానే చేతులు వాటంతటవే పేర్చుకుంటూ పోయాయి. పాట మొత్తం పాడింది, ఒక్క చరణం తప్పలేదు, మాకే మధ్యలో రాలేదు. ఆ వీడియో హోముకు పంపించా. ఇప్పుడు అప్పుడప్పుడు ఆయమ్మలు అది పెట్టి పాడిస్తున్నారట.

నేను ఇప్పటికీ పొద్దున ఫోన్ చేయను. ఆరున్నరకు చేస్తా. నిన్న చేస్తే ఆయమ్మ ఫోన్ ఎత్తి, నాతో మాట్లాడకుండా పక్కకు తిరిగి చెప్తోంది, "పిండిన పెద్దమ్మా, నాలుగు లీటర్లు ఇచ్చింది, దుడ్డెను కట్టేసిన, నువ్వు కూసో". వెనక నుంచి పెద్దమ్మ గొంతు గట్టిగా వినబడింది.

"నాలుగేనా? కుడితి సరిగ్గ పెట్టలే నువ్వు."